ఏప్రిల్ ఒకటి నుంచి పర్మనెంట్

"ఇంకోసారి చెప్పు. ఎన్ని?"

"మూడొందల పన్నెండు అండీ."

"కాగితం మీద పన్నెండొందల నలభై ఎనిమిది అని ఉంది. కింద సంతకం నీది."

"సంతకం నాదే. అంకె నాది కాదు."

నజ్మీన్ చేతిలో పెన్ను ఆగింది. ఎదురుగా కూర్చున్న స్తుతికి ఇరవై మూడేళ్లుంటాయి. రెండు రాత్రులు నిద్రలేని కళ్లు. అయినా చూపు దించలేదు. అబద్ధం చెప్పేవాళ్లు సాధారణంగా మూడొందలంటారు, మూడున్నర వందలంటారు. పన్నెండు దగ్గర పట్టుబట్టి కూర్చోరు. ఆరేళ్లు ఎస్సైగా, ఆపైన పదకొండేళ్లు ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున దర్యాప్తులు చేసిన నజ్మీన్‌కి ఆ తేడా తెలుసు.

బుధవారం ఉదయం పది గంటల అయిదు నిమిషాలు. వాళ్లు కూర్చున్నది చిలకలూరిపేట హైవే పక్కన రేగడి జిన్నింగ్ మిల్లు ఆఫీసు గదిలో. మొన్న ఆదివారం ఈ మిల్లు గోడౌను తగలబడింది. అందులోని పత్తి బేళ్లను తాకట్టు పెట్టుకుని మిల్లు యజమాని బాపయ్యకు అప్పిచ్చింది గుంటూరులోని మాగాణి ఫైనాన్స్. బేళ్లు కాలిపోయాయి కాబట్టి ఇన్సూరెన్స్ కంపెనీ కట్టాలని మాగాణి వాళ్లు సోమవారమే క్లెయిం పెట్టారు. నిజంగా కాలిన బేళ్లెన్నో ఇవాళ సాయంత్రం అయిదింటికల్లా చెప్పాల్సింది నజ్మీన్. ఆ బేళ్లను మంటకు పదిరోజుల ముందు లెక్కపెట్టింది స్తుతి. మాగాణిలో ఎనిమిది వారాల వేసవి ఇంటర్న్‌షిప్ చేస్తున్న పిల్ల. శుక్రవారంతో ఆ గడువు ముగుస్తుంది.

"జూన్ పన్నెండు, గురువారం. గేటు దాటింది ఎన్నింటికి?"

"తొమ్మిదీ నలభైకి. ఫోను గేటు దగ్గరే తీసుకున్నారు. పత్తి ఉన్నచోట ఫోన్లు ఉండకూడదన్నారు. అందుకే ఫొటోలు లేవు."

"లెక్క ఎలా పెట్టావు?"

"తలుపు దగ్గర నిలబడితే అడ్డంగా ఇరవయ్యారు, ఎత్తు ఆరు కనిపించాయండి. లోపలికి ఎనిమిది వరసలున్నాయి, గుణించుకోమన్నాడు మిల్లు గుమస్తా. పక్కనుంచి వెళ్లి చూస్తానంటే, సందు లేదన్నాడు. అప్పుడు నిచ్చెన అడిగాను."

"ఎందుకు?"

"మా నాన్న పక్క మిల్లులో పదిహేనేళ్లు హమాలీ పని చేశాడండి. బేళ్లు పేర్చేటప్పుడు గాలి ఆడటానికి సందు వదులుతారు. సందు లేకుండా ఎవరూ పేర్చరు. నిచ్చెన లేదన్నారు. బేళ్లు పట్టుకునే పైకెక్కాను. రెండు వరసలే ఉన్నాయి. ఇరవయ్యారు ఆర్లు నూట యాభై ఆరు. రెండు వరసలకి మూడొందల పన్నెండు. వాటి వెనక విడి దూది కుప్పలు, పైన టార్పాలిన్లు. కింద నిలబడ్డవాళ్లకి నిండుగానే కనిపిస్తుంది."

"రిపోర్టులో అదే రాశావా?"

"అదే రాసి సాయంత్రం నాలుగింటికి శ్రీరమ్య మేడంకి మెయిల్ పెట్టాను. మేడం మా బ్రాంచి హెడ్. ఆ తర్వాతి సోమవారం, పదహారున, పొద్దున నా మెయిల్ తెరుచుకోలేదు. లాగిన్ తీసేశారు."

"మరి ఈ సంతకం?"

స్తుతి గొంతు తగ్గింది. "ఆ రోజే మేడం తన గదిలోకి పిలిచారండి. ఆరుగురు ఇంటర్న్‌లలో ఒక్కరినే పర్మనెంట్ చేస్తారు, నీ పేరే పంపిస్తున్నాను, ఈ ఫారాల మీద సంతకాలు పెట్టమన్నారు. తొమ్మిది కాగితాలు. పైనున్న రెండు చదివాను. మిగతావి చదవలేదు."

"తర్వాత నీ రిపోర్టు గురించి ఎప్పుడైనా అడిగావా?"

స్తుతి బల్ల మీది కాగితం వైపు చూసింది.

"అడిగావా, లేదా?"

"పద్దెనిమిదిన మీటింగులో స్క్రీన్ మీద పన్నెండొందల నలభై ఎనిమిది అని వేశారండి. చూశాను. నోరు విప్పలేదు."

"ఎందుకు?"

"ఉద్యోగం పోతుందని." స్తుతి రెండు చేతులూ ఒళ్లో గట్టిగా కలిపి పట్టుకుంది. "మిగతా అయిదుగురివీ పెద్ద పెద్ద కాలేజీలు. నేను నరసరావుపేటలో చదివాను. ఎనిమిది వారాల్లో ఒక్కరోజు సెలవు పెట్టలేదు. ఆఖరి వారంలో గొడవ ఎందుకని ఊరుకున్నాను. ఆదివారం కరీమున్ అక్క చేతులు కాలాయి. ఇక్కడ ఊడ్చే మనిషి. ఆ దూదిలో మంట అంటుకున్నప్పుడు లోపలుంది. సోమవారం గుంటూరు ఆస్పత్రికి వెళ్లి చూశాను. నేను పద్దెనిమిదినే అరిచి ఉంటే ఆ గోడౌను తలుపులు తెరిపించేవాళ్లు. దూది బయటపడేది. ఆమె చేతులు బాగుండేవి."

ఆ మాటకి ఓదార్పు చెప్పొచ్చు. నజ్మీన్ చెప్పలేదు. ఆ బరువు ఆ పిల్ల మోయాల్సిందే. మోస్తున్నది కూడా.

"లే. ఆ మూడొందల పన్నెండు ఎక్కడుందో చూద్దాం."

*

గోడౌను పైకప్పు రేకులు వంకరలు తిరిగి కిందికి వేలాడుతున్నాయి. లోపల తడి బూడిద, మాడిన దూది కంపు. జక్రయ్య అక్కడే నిలబడి ఉన్నాడు. మిల్లులో ప్రెస్సు నడిపే మనిషి, యాభై దాటాయి. పత్తిని బేలుగా నొక్కి తీగలతో బిగించే పని అతనిది.

"జక్రయ్య గారూ, ఆదివారం పొగ మొదట చూసిందెవరు?"

"నేనేనండి. పక్కన చర్చిలో ప్రార్థన అవుతా ఉంది. బయటికొచ్చి చూస్తే పొగ. పది నలభై అయ్యుంటది. ఫైరింజను పదకొండుంబావుకి వచ్చింది."

"మంట ఎప్పుడు ఆరింది?"

"ఏ మంటండీ?"

"అంటే?"

"ముందు వైపు ఒకటి, వెనక వైపు ఒకటి. వెనక వైపు ఆదివారం మధ్యానం మూడింటికే చల్లారిపోయింది. నేను చెప్పుల్లేకుండా నడిచా. ముందు వైపు మాత్రం నిన్న పొద్దుగూకేదాకా పొగ చిమ్మతానే ఉంది. ఫైరోళ్లు మళ్లీ మళ్లీ వచ్చి బేళ్లు విప్పి తడిపారు."

"ఎందుకలా?"

"బేలంటే మాటలా అండీ! రాయిలా నొక్కుతాం. పైన ఆరినా లోపల నిప్పు మూడు రోజులు చావదు. విడి దూదైతే భగ్గుమని గంటలో బూడిదైపోద్ది."

నజ్మీన్ గోడౌను పొడవు అడుగులతో కొలిచింది. తలుపు నుంచి పదడుగుల దాకా సగం కాలిన బేళ్ల ముద్దలు, నల్లటి గడ్డలు ఉన్నాయి. ఆ తర్వాత నలభై అడుగులు నేల నున్నగా ఉంది. చెప్పు అంచుతో బూడిద తోసి చూస్తే వేలెడు మందం కూడా లేదు. వంగి ముందు వైపు బూడిదలో చెయ్యి పెట్టింది. ఏదో గీసుకుంది. లాగితే మాడిన ఇనప తీగ వచ్చింది.

"ఒక బేలుకి ఎన్ని తీగలు కడతారు?"

"ఎనిమిది. తగ్గితే బేలు పగిలిపోద్ది."

"తీగ కాలుతుందా?"

"ఇనుమండీ. నల్లబడుద్ది, ఎక్కడికీ పోదు." అంటూనే జక్రయ్య ఆగిపోయాడు. అతని ముఖంలోకి అర్థం ఎక్కింది. "అమ్మో."

పన్నెండొందల నలభై ఎనిమిది బేళ్లు కాలి ఉంటే ఈ నేల మీద దాదాపు పదివేల తీగలుండాలి.

జక్రయ్య కేకేస్తే మరో ఇద్దరు పనివాళ్లు వచ్చారు. మరమ్మత్తు గదిలోని చేతి తొడుగులు తెచ్చుకుని అందరూ దిగారు. స్తుతి చున్నీ నడుముకి కట్టుకుని వాళ్ల మధ్యలో కూర్చుంది. వంద తీగలకో కట్ట, కట్టకో గుడ్డపీలిక. విప్పిన బేళ్ల దగ్గర పడి ఉన్నవి కూడా వదల్లేదు. ప్రతి కట్టా నజ్మీన్ వీడియో తీసింది. వెనక నలభై అడుగుల్లో ఒక్క తీగ దొరకలేదు. పన్నెండూ నలభైకి లెక్క ముగిసింది. ఇరవై నాలుగు కట్టలు, పైన డెబ్బై ఒకటి.

"రెండు వేల నాలుగొందల డెబ్బై ఒకటి," అంది నజ్మీన్. "ఎనిమిదితో భాగించు."

స్తుతి ఫోను తీయలేదు. "దాదాపు మూడొందల తొమ్మిది."

ఎక్కడో మూడు బేళ్ల తీగలు జారిపోయాయి, అంతే. నజ్మీన్ మొదటిసారి ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది.

అప్పుడే గేటులో నుంచి జేసీబీ హోరు వినిపించింది.

*

జేసీబీ ముందు తెల్ల కారు. అందులోంచి దిగినవాడు కోటేష్. మాగాణి ఫైనాన్స్ పెట్టుకున్న దర్యాప్తు మనిషి. గుంటూరు జిల్లాలో నజ్మీన్ పట్టిన కేసుల్లో సగం ఇతను అవతలి పక్షాన ఉన్నవే. ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో ఫైలు.

"నజ్మీన్ గారూ, మీ పని అయిపోయిందనుకుంటా. గోడ కూలేలా ఉంది, శుభ్రం చేయించమన్నారు." అంటూనే స్తుతిని చూశాడు. కనుబొమలు ముడిపడ్డాయి. "నువ్విక్కడున్నావేంటమ్మా? నిన్ను వెతుక్కుంటా మీ ఇంటికి పోబోతున్నా."

"నేను పిలిచాను," అంది నజ్మీన్. "పొద్దున పది నుంచి ఇక్కడే ఉంది. మీ జేసీబీ ఆపండి."

"ఎవరు చెప్పినా ఆగదండీ. మా కంపెనీ తాకట్టులో ఉన్న సరుకు ఇది."

"క్లెయిం పెట్టిన నిమిషం నుంచి ఈ బూడిద మీద మొదటి హక్కు ఇన్సూరెన్స్ వాళ్లది. సర్వే ముగిసిందని నేను రాసిచ్చేదాకా గుప్పెడు కదిలినా సాక్ష్యం చెరిపారని రాస్తాను. మీ పేరుతోనే రాస్తాను."

"బెదిరిస్తున్నారా?"

"స్పెల్లింగ్ అడుగుతున్నా. కోటేష్‌లో 'ష్' కదా?"

జేసీబీ డ్రైవరు ఇద్దరి వైపూ చూసి, తనంతట తానే ఇంజన్ ఆపేశాడు. కోటేష్ మెడ ఎర్రబడింది.

"తీగలు లెక్కపెట్టుకుంటున్నారంట! కోర్టులో తీగలు చెల్లవండీ, కాగితం చెల్లుద్ది. ఆఫీసర్ సంతకం పెట్టిన కాగితం." ఫైలు తెరిచి ఒక పేజీ స్తుతి ముందు పెట్టాడు. "చూడమ్మా, నీ మీద నాకేం కోపం లేదు. లెక్క తప్పు నావల్లే జరిగింది, మిల్లువాళ్ల మాట నమ్మి రాశానని ఇక్కడ సంతకం పెట్టు. కేసు లేకుండా చూస్తామంటున్నారు మేడం."

స్తుతి కాగితం అందుకుంటుండగా ఆమె ఫోను మోగింది. శ్రీరమ్య. నజ్మీన్ పెదాల మీద వేలు పెట్టి కోటేష్‌ని కదలొద్దని సైగ చేసింది. స్పీకర్ నొక్కమంది. "ఇంట్లో ఉన్నానని చెప్పు," అంది పెదాలతో.

"స్తుతీ, ఎక్కడున్నావు?" మెత్తటి గొంతు.

"ఇంట్లో మేడం. ఒంట్లో బాలేదు."

"అయ్యో. అమ్మ ఉందా?"

"బడిలో పనికి వెళ్లింది మేడం. ఒక్కదాన్నే ఉన్నాను."

"మంచిది. రెస్టు తీసుకో. సాయంత్రం దాకా బయటికి రాకు, ఎవరితోనూ మాట్లాడకు. కోటేష్ గారు వస్తారు, ఆయన ఇచ్చిన దాని మీద సంతకం పెట్టు. శుక్రవారం లిస్టులో నీ పేరే ఉంటుంది. నా మాట మీద నమ్మకం ఉంది కదా?"

"ఉంది మేడం."

ఫోను ఆగిపోయింది. కోటేష్ చిరాగ్గా అన్నాడు: "విన్నావుగా. ఉద్యోగం ఇస్తామంటున్నారు, ఇంకేం కావాలి? పెట్టు సంతకం."

స్తుతి పెన్ను తీసుకోలేదు. కాగితం చివరి వరస చదువుతోంది. మొన్న చదవకుండా సంతకం పెట్టిన పిల్ల, ఇవాళ ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదువుతోంది.

"సార్, నా పేరు కింద 'స్టాక్ వెరిఫికేషన్ ఆఫీసర్' అని ఉంది. నేను ఇంటర్న్‌ని."

"ఇంటర్న్ సంతకాన్ని ఇన్సూరెన్స్ వాళ్లు ఒప్పుకోరమ్మా. పర్మనెంట్ ఉద్యోగి పెట్టాలి. నువ్వు పర్మనెంటేగా! అపాయింట్‌మెంట్ ఆర్డరు ఫైల్లోనే ఉంది." కోటేష్ మరో కాగితం తిప్పాడు. "ఇదిగో. ఏప్రిల్ ఒకటి నుంచి."

స్తుతి ఆ కాగితం అతని చేతిలోంచి తీసుకుంది.

ఎనిమిది వారాలు బస్సుల్లో నిలబడి, పక్కవాళ్లు వెళ్లిపోయాక కూడా కూర్చుని సంపాదించాలనుకున్న కాగితం అది. మాగాణి ఫైనాన్స్ ముద్ర, పూర్తి పేరు, హోదా. కింద 'సమ్మతమే' అన్న చోట ఆమె సంతకం. స్తుతి దాన్ని రెండు చేతులా పట్టుకుంది.

"ఏప్రిల్ ఒకటిన నువ్వెక్కడున్నావు?" అడిగింది నజ్మీన్.

"పరీక్ష హాల్లో అండీ, నరసరావుపేటలో. పది నుంచి ఒంటిగంట దాకా ఆఖరి సెమిస్టర్ రెండో పేపరు. మాగాణి ఆఫీసు గుమ్మం తొక్కింది మే అయిదున." ఉన్నట్టుండి ఫోను తీసి మెసేజీలు వెతికింది. "ఇదిగోండి, నాకు పదిహేడున ఒకటి వచ్చింది. మోసగాళ్లు పంపారనుకుని వదిలేశాను."

పీఎఫ్ ఖాతా తెరిచినట్టు మెసేజి. ఇంటర్న్‌లకు పీఎఫ్ కట్టరు. సంతకాలు పెట్టిన మర్నాడే ఖాతా తెరిచారు. నజ్మీన్ ఆ నంబరుతో వెతికించింది. స్తుతి ఆధార్‌కి వచ్చిన ఓటీపీ కొడితే ఖాతా వివరాలు తెరుచుకున్నాయి. ఉద్యోగంలో చేరిన తేదీ: ఏప్రిల్ ఒకటి.

నజ్మీన్ ఆ తెరను కోటేష్ ముఖం ముందు పెట్టింది. "జూన్ పదిహేడున పుట్టిన ఖాతాలో ఏప్రిల్ ఒకటిన చేరిన ఉద్యోగి. మీ ఫైల్లో ఉన్న ఆర్డరు మీద తేదీ మార్చి ఇరవై ఎనిమిది. ఆ రోజుకి ఈ పిల్ల పేరు కూడా వాళ్లకి తెలియదు. కోటేష్ గారూ, మీరు తెచ్చిన కాగితం మీరే చదవలేదా?"

కోటేష్ ఆర్డరు తీసుకుని మళ్లీ చదివాడు. తేదీలు, సంతకాలు, పీఎఫ్ నంబరు. అతను మొండివాడే కాని మొద్దు కాదు. తన ఫైలే తనను ఎక్కడ నిలబెట్టిందో అర్థమైంది.

"నాకు ఫైలు మొన్న సాయంత్రం ఇచ్చారండి," అన్నాడు నెమ్మదిగా. "ఈ అమ్మాయి లంచం తీసుకుని రాసిందన్నారు. నేను నమ్మా."

"ఉద్యోగం ఇచ్చింది తప్పు మోయించడానికి," అంది నజ్మీన్. "ఆఫీసరంటూ ఒకరుంటే తప్ప దొంగ లెక్కకి బలం రాదు. నమ్మేవాళ్లు, అవసరంలో ఉన్నవాళ్లు, అడగనివాళ్లు కావాలి. దొరికింది."

ఆ చివరి మాటకి స్తుతి తలెత్తింది. "ఇప్పుడు అడుగుతున్నానండి." ఆర్డరు వెనక పేజీ తిప్పి చూపించింది. "ఇందులో ఇంకా ఉంది. నా పరిధిలో రెండు గోడౌన్లు అని రాశారు. ఒకటి ఇది. రెండోది వేటపాలెం జీడిపప్పు గోడౌను. నేనెప్పుడూ అక్కడికి వెళ్లలేదు. కాని జూన్ ఇరవైన దాన్ని కూడా నేనే లెక్కపెట్టినట్టు ఈ ఫైల్లో ఇంకో కాగితం ఉంది."

నజ్మీన్ తన బ్యాగులోంచి ఇన్సూరెన్స్ కంపెనీ ఇచ్చిన జాబితా లాగింది. వేటపాలెం. పాలసీని రెట్టింపు చేయించిన తేదీ జూన్ ఇరవై ఒకటి. మరునాడే ఇక్కడ మంట.

"అక్కడికి వెళ్లి తాళం తీయించాలి," అన్నాడు కోటేష్. "వాళ్లు తీయరు. కోర్టు కాగితం కావాలి. రెండు రోజులు పట్టుద్ది."

"అక్కర్లేదు సార్," అంది స్తుతి. లేచి నిలబడింది. మోకాళ్ల దాకా బూడిద. "నేను ఆఫీసర్ని కదా. ఇందులో నాలుగో పాయింటు చదవండి. 'గోడౌనును ఏ సమయంలోనైనా తెరిపించి సరుకు పరిశీలించే అధికారం'. సంతకం పెట్టింది మాగాణి ఫైనాన్సే. దొంగదని వాళ్లు చెప్పుకోలేరు. చెప్పుకుంటే ఇక్కడి లెక్క కూలిపోతుంది. నేను డ్యూటీ చేస్తాను."

నజ్మీన్ ఆ పిల్లని కొత్తగా చూసింది. పదిహేడేళ్ల సర్వీసులో తనకు తట్టని దారి అది.

ఆ లెక్క కాగితం కింద వేటపాలెం గోడౌను కాపలాదారు పేరు, నంబరు ఉన్నాయి. ఖాదర్ వలి. ఒంటిగంటా ఇరవై అయిదుకి స్తుతి ఆ నంబరు నొక్కి స్పీకర్లో పెట్టింది.

"ఖాదర్ వలి గారేనా? నేను మాగాణి ఫైనాన్స్ నుంచి స్తుతిని. వెరిఫికేషన్ ఆఫీసర్ని. గోడౌను చూడటానికి వస్తున్నాను."

అవతల గ్లాసుల చప్పుడు, ఎవరివో మాటలు. తర్వాత అయోమయంగా ఒక గొంతు.

"ఎవరండీ మీరు? స్తుతి మేడం గారు పావుగంట కింద వచ్చారు కదా! కార్డు చూపించారు, రిజిస్టర్లో పేరు రాశారు, తాళం చెవులు తీసుకున్నారు. సరుకు నేను చూసుకుంటా, నువ్వు పోయి అన్నం తినిరా అని పంపించారు. నేను హోటల్లో ఉన్నా."

కోటేష్ చేతిలోని ఫైలు కింద పడింది. నజ్మీన్ మెదడులో ముక్కలు చకచకా అతుక్కున్నాయి. రిజిస్టర్లో స్తుతి పేరు. ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నానని శ్రీరమ్యకి చెప్పిన స్తుతి, చూసిన సాక్షి లేదు. ఆపైన మంట. తప్పుడు లెక్క రాసిన ఆఫీసరే రెండు గోడౌన్లూ తగలబెట్టిందని శుక్రవారానికి కేసు పూర్తవుతుంది.

"కోటేష్ గారూ," అంది, "పొద్దున పది నుంచి ఇక్కడున్నవాళ్లం మేము. పన్నెండూ నలభై నుంచి మీరు. ఈ అమ్మాయి ఎక్కడుందో చెప్పాల్సిన సాక్షి ఇప్పుడు మీరే."

"చెప్తా," అన్నాడు కోటేష్. అప్పటికే చీరాల ఫైర్ స్టేషన్ నంబరు కలుపుతున్నాడు.

స్తుతి ఫోను దగ్గరికి వంగింది. "ఖాదర్ వలి గారూ, లోపల ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరండి. అందర్నీ అన్నాలకి పంపా." అంటూనే అతని గొంతు మారింది. "ఆ, మా జాన్‌బీ వాళ్లు! పప్పు ఏరే ఆడోళ్లు. ఎండకి బయటికి రాకుండా వెనక గదిలోనే కూచుని తింటారు. ఆరుగురు. ఆ సంగతి మేడం గారికి తెలీదు."

"పరిగెత్తండి. ఫోను పెట్టేయకండి."

కుర్చీ పడిన చప్పుడు. ఆపైన రొప్పు, చెప్పుల టపటపలు, దాటిపోతున్న లారీ హారన్. నజ్మీన్ కారు స్టార్టు చేసి తలుపు తెరిచి పట్టుకుంది. స్తుతి ఫోను చెవి దగ్గర పెట్టుకునే ఎక్కింది. వెనక సీట్లోకి కోటేష్ దూకాడు. వేటపాలెం గంట దూరం. ఆ దూరం ఇప్పుడు ఒక ముసలి కాపలాదారు కాళ్లలో ఉంది.

"మేడం…" రొప్పుతూ వచ్చింది గొంతు.

"చెప్పండి."

"గొళ్లేనికి కొత్త తాళం ఉందండి. నాది కాదు. కారు లేదు, మేడం గారు లేరు. తలుపు కింద నుంచి పొగ వస్తా ఉంది. లోపల్నుంచి మా జాన్‌బీ అరుస్తోంది!"

"పగలగొట్టండి."

"కంపెనీ తాళమేమోనండి, రేపు నా మీద…"

స్తుతి గొంతులో వణుకు లేదు. పద్దెనిమిదో తారీఖున మీటింగులో రాని గొంతు అది.

"ఖాదర్ వలి గారూ, నేను మాగాణి ఫైనాన్స్ వెరిఫికేషన్ ఆఫీసర్ని. ఇది నా ఆర్డరు. ఏది దొరికితే దాంతో కొట్టండి. బాధ్యత నాది."

ఫోనులో ఏదో బరువైనది ఈడ్చిన చప్పుడు. తర్వాత ఇనుము మీద మొదటి దెబ్బ పడింది.